ముహూర్తం నుంచి వెనక్కి: పెళ్లిబట్టల సన్నాహం

పెళ్లిచీర కొన్న రోజునే పెళ్లిబట్టల పని పూర్తయిందని భావించడం తెలుగు కుటుంబాల్లో సర్వసాధారణమే గాని, దుకాణం నుంచి ఇంటికి వచ్చిన పట్టుచీర నిజానికి కట్టుకోవడానికి సిద్ధమైన వస్త్రం కాదు. దాని చివరనున్న జాకెట్ ముక్కను వేరు చేయాలి, కోసిన అంచుకు పీకో వేయించాలి, కుచ్చిళ్ల కింద ఫాల్ కుట్టించాలి, కొంగుకు కుచ్చులు ముడి వేయించాలి, జాకెట్టు గుడ్డ మగ్గం పనివారి దగ్గరకు వెళ్లి తిరిగి దర్జీ చేతికి రావాలి, ఆ తరువాత ఇస్త్రీ జరగాలి. వీటిలో ఒక్కొక్క పని ఒక్కొక్క చేతివృత్తి వారిది, వాటన్నిటికీ కలిపి ఒక వరుస ఉంది, ఆ వరుసలో ఒక మెట్టు ఆలస్యమైతే దాని తరువాతి మెట్లన్నీ ముహూర్తం మీదికి వచ్చి పడతాయి. అందువల్ల పెళ్లిబట్టల సన్నాహాన్ని కొనుగోలు వ్యవహారంగా చూడడం కన్నా కాలనిర్వహణ వ్యవహారంగా చూడడం మేలు.

సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఈ కాలనిర్వహణ మరింత కష్టమవుతుంది. రామచంద్రాపురంలోని భెల్ కర్మాగారం మొదలుకొని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల మీదుగా ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం దాకా ఎన్నో కుటుంబాల దినచర్య షిఫ్టులను బట్టి నడుస్తుంది. షిఫ్టు అంటే రోజులోని 24 గంటలను మూడు భాగాలు చేసి, కార్మికులను వంతులవారీగా పనిలోకి పిలిచే పద్ధతి. చాలాచోట్ల ఈ వంతు వారానికోసారి మారుతుంది కాబట్టి, ఈ వారం మధ్యాహ్నం రెండు గంటలకే ఇంటికి చేరే మనిషి వచ్చే వారం అదే వేళకు పనిలోకి వెళ్లవలసి ఉంటుంది. వధువు గాని, వరుడు గాని, తల్లిదండ్రుల్లో ఒకరు గాని ఇలాంటి ఉద్యోగంలో ఉన్న ఇంట్లో అందరికీ కలిసివచ్చే రోజు ఆదివారం ఒక్కటే అవుతుంది, ఆ ఆదివారమే చందానగర్, కూకట్‌పల్లి దుకాణాల్లో కాలు పెట్టడానికి చోటు ఉండదు, దర్జీలు చాలామంది సెలవు తీసుకునేదీ ఆ రోజే. దీనికి పరిష్కారం సెలవులు పెంచుకోవడంలో లేదు. అందరూ కలిసి చేయవలసిన పనులేవో, ఒక్కరు చేయగలిగినవేవో ముందుగా విడదీసుకోవడంలో ఉంది. చీర ఎంపిక, జాకెట్టు కొలతలు, అన్నీ వేసుకుని చూసే తుది ధారణ పరీక్ష అనే మూడింటికి మాత్రమే వధువు స్వయంగా ఉండి తీరాలి. తక్కిన పనులన్నీ ఇంటిల్లిపాది పంచుకోదగినవి.

కాలాన్ని లెక్కించే తీరు కూడా మారాలి. ఈ రోజు నుంచి ముందుకు లెక్కించే మనిషికి పెళ్లి ఎప్పుడూ దూరంగానే కనిపిస్తుంది. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కించే మనిషికి ప్రతి పనికీ ఒక గడువు దొరుకుతుంది. ముహూర్తానికి ముందురోజు చీరను మడతలు పెట్టి, కుచ్చిళ్లు సరిచేసి ఉంచాలి. దానికి రెండు మూడు రోజుల ముందు ఇస్త్రీ పూర్తి కావాలి. వారం ముందు జాకెట్టు చివరి సవరణ జరిగి ఇంటికి చేరాలి. పది పన్నెండు రోజుల ముందు నగలతో సహా ఒకసారి పూర్తిగా ధరించి చూడాలి. దానికి ముందు మగ్గం పనికి కనీసం మూడు నాలుగు వారాలు, పని బరువైనదైతే ఇంకా ఎక్కువ ఇవ్వాలి. ఈ లెక్క ప్రకారం చీర పెళ్లికి సుమారు రెండు నెలల ముందు ఇంట్లో ఉండడం శ్రేయస్కరం. పంచాంగం కూడా ఈ విషయంలో ఉపయోగపడుతుంది. గురువు గాని శుక్రుడు గాని సూర్యుడికి సమీపంగా వచ్చి కనిపించకుండా పోయే కాలాన్ని మూఢం అంటారు. మూఢంలోను, ఆషాఢ మాసంలోను పెళ్లి ముహూర్తాలు ఉండవు కాబట్టి దర్జీలకు, మగ్గం పనివారికి అప్పుడు కాస్త తీరిక దొరుకుతుంది. ఆ రోజుల్లో శుభకార్యానికి బట్టలు కొనకూడదనే పట్టింపు ఉన్న కుటుంబాలు కొనుగోలును వాయిదా వేసుకున్నా, దర్జీని కుదుర్చుకోవడం, పాత జాకెట్టుతో కొలతలు సరిచూసుకోవడం, మగ్గం నమూనా నిర్ణయించుకోవడం వంటివి నిరభ్యంతరంగా ముగించుకోవచ్చు. శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నవారికి ఈ ముందుచూపు ఎంతో మేలు చేస్తుంది.

చీర ఎంపిక గురించి పుస్తకాల్లోను పత్రికల్లోను చాలా వచ్చింది కాబట్టి ఇక్కడ రెండు మూడు మాటలు చాలు. పట్టు అసలుదో కాదో తెలుసుకోవడానికి కేంద్ర పట్టు మండలి ప్రోత్సాహంతో 2004లో మొదలైన సిల్క్ మార్క్ చీటీ ఒక ఆధారం. దాని మీద హోలోగ్రామ్, ప్రత్యేక సంఖ్య ఉంటాయి. చీటీ లేని చీర విషయంలో కొంగు చివరి పోగు ఒకటి తీసి కాల్చి చూడవచ్చు: అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన ఇస్తూ నలిపితే పొడి అయ్యే బూడిదగా మిగులుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. జరీ అంటే పట్టు లేదా నూలు పోగు చుట్టూ సన్నని లోహపు తీగను చుట్టి తయారుచేసిన దారం. మేలైన కంచి జరీలో ఎర్రని పట్టు పోగు మీద వెండి తీగ, దాని మీద పలుచని బంగారు పూత ఉంటాయి. తక్కువ రకాల్లో వెండి స్థానంలో రాగి, ఇంకా తక్కువ వాటిలో లోహం పూసిన ప్లాస్టిక్ పొర ఉంటాయి. ఈ తేడా ధరకే పరిమితం కాదు, చీరను ఎలా భద్రపరచాలన్నదాన్ని కూడా ఇదే నిర్ణయిస్తుంది కాబట్టి, ఏ జరీయో బిల్లు మీద రాయించుకోవడం మంచిది. నూలు నేత మీద పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే గద్వాల చీర, చిక్కని రంగులకు పేరుపొందిన నారాయణపేట చీర, ఇక్కత్ పద్ధతిలో నేసే పోచంపల్లి పట్టు ఇవన్నీ ఈ ప్రాంతానికి దగ్గరివే. సంగారెడ్డి ఒకప్పుడు కేంద్రంగా ఉన్న ఉమ్మడి మెదక్ జిల్లాకే చెందిన సిద్దిపేటలో నేసే గొల్లభామ చీరను పెళ్లికి ముందు జరిగే వేడుకల్లో ఒకదానికైనా ఎంచుకోవడం, వేసవి పెళ్లిళ్లలో ఒంటికి హాయినివ్వడంతో పాటు, అక్కడి మగ్గాలకు నిజమైన గౌరవం కూడా.

తెలంగాణ పెళ్లిలో చీర ఒక్కటే ఉండదన్నది గుర్తుంచుకోవలసిన మరో విషయం. నిశ్చితార్థానికి చేసే ప్రధానం, పసుపు నూనెలతో వధూవరులకు మంగళస్నానం చేయించే మైలపోలు, లగ్గం, దాని తరువాతి నాగవల్లి, ఆపై రిసెప్షన్ ఇలా ఒక్కొక్క ఘట్టానికి ఒక్కొక్క వస్త్రం ఉంటుంది. వీటిలో పుస్తెమట్టెలతో పాటు వచ్చే చీర చాలా కుటుంబాల్లో వరుడి తరపువారు పెట్టేది. అది వేడుక సమయానికే వధువు చేతికి అందే ఆచారం ఉన్నచోట, జాకెట్టు కుట్టించే వ్యవధి వధువు వారికి దక్కదు, ఫలితంగా రంగు కలవని సిద్ధపు జాకెట్టుతో ఆమె పీటల మీద కూర్చోవలసి వస్తుంది. వియ్యాలవారు ఈ సంగతిని మొహమాటం లేకుండా ముందే మాట్లాడుకుని, చీర తమ దగ్గరే ఉంచుకుని జాకెట్ ముక్కను మాత్రం నెల ముందు పంపితే ఆచారానికీ భంగం రాదు, అమ్మాయికీ ఇబ్బంది ఉండదు. మధుపర్కాల సంగతీ ఇటువంటిదే. పెళ్లి పీటల మీద వధూవరులు ధరించే, సాధారణంగా ఎర్రంచు ఉండే తెల్లని నూలు వస్త్రాలను మధుపర్కాలు అంటారు. ఇవి గట్టి గంజితో, కొన్నిసార్లు మామూలు చీర కన్నా తక్కువ నిడివితో వస్తాయి కాబట్టి, మంటపంలో మొదటిసారి విప్పడం కన్నా వారం ముందే విప్పి, పొడవు కొలిచి, ఒక రాత్రి గాలికి ఆరవేసి మెత్తబరచడం అవసరం. కొత్తబట్టను తడపకూడదనే పట్టింపు లేని ఇళ్లలో ఒకసారి మంచినీటిలో జాడించి గంజి కొంత పోగొట్టవచ్చు.

సన్నాహంలో అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకునేది, ఎక్కువ పొరపాట్లు జరిగేది జాకెట్టు దగ్గరే. సాధారణంగా పట్టుచీర అయిదున్నర మీటర్లు, దానికి అంటి జాకెట్ ముక్క సుమారు 80 సెంటీమీటర్లు ఉంటాయి. మోచేతి దాకా చేతులు కావాలనుకునే పొడవాటి అమ్మాయికి ఈ ముక్క చాలకపోవచ్చు. ఆ విషయం కత్తెర పడకముందే తేలాలి. ముక్క వేరైన వెంటనే దానిని నేరుగా మగ్గం పనికి ఇవ్వడం పొరపాటు. మగ్గం పని అంటే చెక్క చట్రానికి గుడ్డను బిగించి, కొక్కెం మొన గల ఆరీ సూదితో పూసలు, చెమ్కీలు, కుందన్లు, జర్దోసీ తీగలు కుట్టే ఎంబ్రాయిడరీ. చట్రం మీద గుడ్డ చదునుగానే ఉంటుంది, జాకెట్టుగా మారాక అది ఒంటి వంపులను అనుసరిస్తుంది. కాబట్టి ముందుగా దర్జీ కొలతలు తీసి, గుడ్డ మీద మెడ, చేతులు, కుట్టు గీతలు గుర్తుపెట్టి ఇవ్వాలి, ఆ గీతల లోపలే మగ్గం పని సాగాలి, ఆ తరువాత గుడ్డ తిరిగి అదే దర్జీకి చేరాలి. కుట్టు గీత మీదికి వచ్చిన పూసలు మిషన్ సూదిని విరగ్గొడతాయి, వాటిని తీసివేస్తే నమూనా మధ్యలో తెగిపోతుంది. లోపలి అస్తరు గుడ్డను, అంటే లైనింగును, కుట్టకముందే నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి చెమటకే అది కుంచించుకుపోయి పై పట్టును ముడతలు పడేలా లాగుతుంది. ఇరుపక్కలా లోపలి వైపు కనీసం ఒక అంగుళం గుడ్డ వదలమని దర్జీకి స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే పెళ్లికి ముందు నెలలో అమ్మాయిల బరువు అలసట వల్లనో, ఆహార నియమాల వల్లనో మారడం మామూలు విషయం.

నమూనా ఎంచుకునేటప్పుడు బొమ్మలో కనిపించే అందం కన్నా పెళ్లితంతులో శరీరం చేసే కదలికలను ఎక్కువగా ఆలోచించాలి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వధువు చేయి వరుడి తల మీదికి లేవాలి, తలంబ్రాల వేళ రెండు చేతులూ పదేపదే పైకి వెళ్లాలి. చంక దగ్గర బిగుతుగా ఉన్న జాకెట్టు ఆ సమయంలో కుట్టు విడిపోవడం గాని, చీరను భుజం మీద నుంచి లాగడం గాని తప్పదు. కాబట్టి కొలతల రోజున చేతులు కిందికి వేలాడదీసి నిలబడితే చాలదు, రెండు చేతులూ తల మీదికి ఎత్తి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని కూడా చూపాలి. వీపు మీది పని విషయంలో కుటుంబాలు చేసే ఖర్చులో చాలా భాగం వృథా అవుతుందన్నది నిర్మొహమాటంగా చెప్పవలసిన మాట: పూలజడ వేసిన తరువాత వీపు మధ్యభాగం దాదాపు కనిపించదు, పైగా అక్కడి పూసలు జడకు, జడ పూసలకు చిక్కుకుని రెండూ చెడతాయి. ఆ డబ్బు చేతుల అంచు మీద, మెడ ముందుభాగం మీద పెడితే ఫొటోల్లో నిలుస్తుంది. వంకీ ధరించే అమ్మాయికి మాత్రం అది కూర్చునే చోట చేతి మీద పని లేకుండా చూసుకోవాలి. చీర ధరను మించిన జాకెట్టు కూలి ఈ మధ్య ఈ ప్రాంతంలోనూ కనిపిస్తోంది; పెళ్లి తరువాత ఆ జాకెట్టు మరో చీరతో కలవదు, ఒళ్లు మారితే అదే చీరతోనూ కలవదు కాబట్టి, ఒక కార్మిక కుటుంబం అంత బరువు మోయవలసిన అవసరం లేదు.

జాకెట్ ముక్క వేరయ్యాక చీర చివర పోగులు ఊడకుండా మిషన్‌తో వేసే వంకర కుట్టును పీకో అంటారు. చీర కింది అంచు నేలకు రాసుకుని చిరగకుండా, కుచ్చిళ్లు బరువుగా నిలువునా జారేలా, లోపలి వైపు వేసే గుడ్డపట్టీని ఫాల్ అంటారు. ఇది చూడడానికి చిన్న పనే అయినా, నానబెట్టని నూలు ఫాల్ తరువాత కుంచించుకుపోయి అంచంతా అలలు అలలుగా ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి ముందు దానిని నీళ్లలో తడిపి, రంగు దిగుతుందేమో చూసి, ఆరాకనే కుట్టించాలి. పెళ్లిచీరకు మిషన్ కుట్టు కన్నా పైకి కనిపించని చేతికుట్టు మేలు. ఇప్పుడు ఇళ్లలోనే మిషన్ పెట్టుకుని ఈ పని చేసే మహిళలు పటాన్‌చెరు, రామచంద్రాపురం, సంగారెడ్డి కాలనీల్లో ఎందరో ఉన్నారు. వారికి చీరతో పాటు దారం రంగు కూడా పగటి వెలుతురులో చూసి ఇవ్వాలి. పాలిష్ అనేది చీరకు పలుచని గంజి పట్టించి, వేడి రోలర్ల మీద సాగదీసి నిగారింపు తెచ్చే ప్రక్రియ. మగ్గం నుంచి కొత్తగా వచ్చిన పట్టుకు దీని అవసరం ఉండదు. అమ్మ పెళ్లిచీరను గాని అమ్మమ్మ చీరను గాని కట్టుకోదలచిన అమ్మాయికి మాత్రం ఇది ఉపయోగపడుతుంది, అయితే అంతకు ముందు పాత మడతలను వెలుతురుకు అడ్డంగా పట్టి చూడాలి, మడత వెంట పట్టు చిట్లి ఉంటే రోలర్ లాగుడుకు అది పూర్తిగా చిరుగుతుంది. ఫాల్ ఉన్నచోట చీర రోలర్ మీద సమంగా సాగదు కాబట్టి పాలిష్ ముందు, ఫాల్ తరువాత అన్న వరుసను పాటించడం మంచిది. కొంగు కుచ్చులు, అంటే కొంగు చివరి పోగులను ముడివేసి పూసలతో అల్లే అలంకారం, చివరగా చేయించి, వాటిని మల్లు గుడ్డలో చుట్టి మడవాలి.

ధారణ పరీక్ష, అంటే పెళ్లికి ముందే అన్నీ వేసుకుని చూడడం, చాలా ఇళ్లలో దిష్టి తగులుతుందనే భయంతోనో తీరిక లేకనో జరగదు. దిష్టి పట్టింపు ఉన్నవారు అసలు చీరకు బదులు అంతే బరువున్న మరో పట్టుచీరతో చేసుకోవచ్చు. జాకెట్టు, లంగా, నగలు మాత్రం అసలువే ఉండాలి. పీటల మీద వధువు చెప్పులు లేకుండా ఉంటుంది, రిసెప్షన్‌లో ఎత్తు మడమల చెప్పులు వేసుకుంటుంది; ఈ రెండింటికీ ఒకే లంగా సరిపోదు, వట్టి కాళ్లకు సరిపడే లంగా మడమ చెప్పుల మీద పైకి లేచిపోతుంది, మడమ చెప్పులకు సరిపడేది మంటపంలో కాళ్లకు అడ్డుపడుతుంది. వడ్డాణం జరీ మీద ఎక్కడ రాసుకుంటుందో, మట్టెలు ఫాల్ దారానికి చిక్కుతున్నాయో లేదో, కూర్చుని లేచినప్పుడు కుచ్చిళ్లు జారుతున్నాయో లేదో అరగంట సేపు ఒంటి మీద ఉంచుకుంటే గాని తెలియదు. షిఫ్టు ముగించుకుని వచ్చిన రాత్రి అలసటలో కాకుండా, సెలవు రోజు ఉదయం ఈ పరీక్ష పెట్టుకుంటే లోపాలు ఓపికగా గమనించవచ్చు.

సిద్ధమైన బట్టలను పెళ్లి దాకా కాపాడుకోవడంలో ఈ ప్రాంతపు గాలి, నీరు రెండూ లెక్కలోకి వస్తాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన తీవ్ర కాలుష్య పారిశ్రామిక ప్రాంతాల్లో పటాన్‌చెరు, బొల్లారం కూడా ఉన్నాయి. గాలిలోని గంధక సమ్మేళనాలు, ముఖ్యంగా రసాయన వ్యర్థాల నుంచి, మురుగు కాలువల నుంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్, వెండితో కలిసి నల్లని వెండి సల్ఫైడును ఏర్పరుస్తాయి. జరీ మీది బంగారు పూత అతి పలుచన కాబట్టి కింది వెండికి అది పూర్తి రక్షణ ఇవ్వలేదు. రెండు నెలల ముందు కొన్న చీరను కిటికీ పక్కన గాని, వరండాలో గాని వేలాడదీయడం ఈ కాలనీల్లో అందుకే తగదు. శుభ్రంగా ఉతికి గంజి లేకుండా ఆరబెట్టిన తెల్లని నూలు గుడ్డలో చీరను చుట్టి, బీరువా లోపలి అరలో ఉంచాలి. దుకాణం ఇచ్చిన ప్లాస్టిక్ కవరులో తేమ చిక్కుకుపోతుంది కాబట్టి దానిని తీసివేయాలి. కలరా ఉండలు జరీకి నేరుగా తగలకూడదు, రబ్బరు బ్యాండులోనూ గంధకం ఉంటుంది కాబట్టి మడతలకు దానిని వాడకూడదు. పదిహేను రోజులకోసారి మడతలు మార్చితే జరీ ఒకేచోట విరగదు. బరువైన పట్టును హ్యాంగరుకు వేలాడదీయడం కన్నా మడిచి ఉంచడమే మంచిది. నీటి విషయానికి వస్తే, బోరు నీటిలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా మారి గుడ్డలో ఇరుక్కుంటాయి, దానివల్ల నూలు బట్టలు మొరటెక్కి వెలిసినట్లు కనిపిస్తాయి. అందువల్ల అస్తరు, ఫాల్, లంగా, మధుపర్కాలు వంటి నూలు వస్త్రాలను తడపడానికి నల్లా ద్వారా వచ్చే శుద్ధిచేసిన నదీజలాన్ని పట్టి ఉంచుకోవాలి.

ఈ జాగ్రత్త తెల్లని పెళ్లిబట్టలకు మరీ ముఖ్యం. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చి నీడన పెరిగిన క్రైస్తవ సమాజం ఈ ప్రాంతమంతటా ఉంది. వారి పెళ్లిళ్లలో వధువు తెల్లని పట్టుచీర గాని గౌను గాని ధరించి, తల మీద పలుచని ముసుగు వేసుకుంటుంది. తెల్లని పట్టు మీద మరక పడితే తెలుపు తెప్పించే క్లోరిన్ బ్లీచును చాలామంది ఆశ్రయిస్తారు, అది పట్టులోని ప్రోటీనును కరిగించి, పసుపు రంగుకు తిప్పి, గుడ్డను పూర్తిగా బలహీనపరుస్తుంది. కాబట్టి పట్టుకు ఏ పరిస్థితిలోనూ దానిని వాడకూడదు. గౌనును అద్దెకు తెచ్చుకునేవారు దాని నడుము కుట్లు, కింది అంచు మట్టి మరకలు, జిప్పు పళ్లు వారం ముందే పరిశీలించాలి, హైవే మీద ఊరేగింపు కారు దిగేటప్పుడు అంచును ఎత్తిపట్టుకునే మనిషిని ముందే నియమించుకోవాలి. హైదరాబాదీ ముస్లిం వధువులు ధరించే ఖడా దుపట్టాలో ఆరు గజాల దుపట్టాను భుజాల మీద, నడుము దగ్గర పిన్నులతో నిలబెడతారు. కార్‌చోబ్ అనే జరీ ఎంబ్రాయిడరీ బరువంతా ఆ కొద్ది పిన్నుల మీదే పడుతుంది కాబట్టి, పిన్ను దిగే చోట లోపలి వైపు చిన్న గుడ్డముక్క అస్తరుగా కుట్టించడం దుపట్టా చిరగకుండా కాపాడుతుంది.

డబ్బు గురించి ఒక్కమాట ఇక్కడే చెప్పాలి. 2014 అక్టోబర్ 2న 51,000 రూపాయలతో మొదలై 2018లో 1,00,116 రూపాయలకు పెరిగిన తెలంగాణ ప్రభుత్వ కల్యాణలక్ష్మి, షాదీముబారక్ సాయం చాలా కుటుంబాలకు ఆసరాయే. అయితే ఆ చెక్కు చాలావరకు పెళ్లి జరిగిన తరువాతనే చేతికి వస్తుంది కాబట్టి, దానిని నమ్ముకుని చీర కొనడం అప్పుకు దారి తీస్తుంది. భవిష్యనిధి చందాదారులు పెళ్లి నిమిత్తం తీసుకునే అడ్వాన్సుకైనా దరఖాస్తుకు, సొమ్ము రావడానికి మధ్య వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని కూడా ముహూర్తం నుంచి వెనక్కి లెక్కించే పట్టికలో ఒక గడిగా రాసుకోవాలి. అలాగే ఏ పని ఎవరిదో ఆ పట్టికలోనే పేర్లతో సహా రాయడం న్యాయం: కొలతల నుంచి కుచ్చుల దాకా అన్నీ తల్లి ఒక్కతే మోసే ఇంట్లో, పెళ్లినాటికి ఆమెకు నిలబడే ఓపిక కూడా మిగలదు. మగ్గం పని నుంచి జాకెట్టు తీసుకురావడం, లంగాలకు నాడాలు ఎక్కించడం, ఇస్త్రీ దగ్గర కూర్చుని చేయించడం అన్నదమ్ములు, తండ్రి చేయలేని పనులేమీ కావు. వరుడి బట్టలకూ ఇదే వర్తిస్తుంది. పెళ్లి ముందురోజు దాకా డ్యూటీ చేసే అబ్బాయి తన పంచె, కండువా, షేర్వానీ సంగతి అక్కచెల్లెళ్ల మీద వదిలేయకుండా తానే ఒకసారి కట్టి, తొడిగి చూసుకోవాలి.

ముందురోజు రాత్రి ఒక్కొక్క ఘట్టానికి ఒక్కొక్క సంచి సిద్ధం చేయడం మంచి పద్ధతి. చీర, దాని జాకెట్టు, దాని లంగా, పిన్నీసులు, ఆ వేళ ధరించే గాజులు ఒకే సంచిలో పెట్టి, పైన ఘట్టం పేరు రాస్తే ఫంక్షన్ హాలు గదిలో వెతుకులాట ఉండదు. పట్టు ఇస్త్రీ తక్కువ వేడితో, తిరగవేసి, మధ్యలో నూలు గుడ్డ పరచి చేయాలి; నీళ్లు చల్లితే చుక్కలు మరకలుగా మిగిలిపోతాయి. అత్తరు, స్ప్రే వంటివి చీర కట్టుకోకముందే ఒంటికి రాసుకుని ఆరనివ్వాలి, అత్తరులోని నూనె, స్ప్రేలలోని ఆల్కహాలు, లవణాలు పట్టుకూ జరీకీ హాని చేస్తాయి. పిన్నీసును ఒకే పొర గుండా కాక కుచ్చిళ్ల లోపలి పొరలన్నిటినీ కలిపి గుచ్చితే బరువు పంచుకుంటుంది. హోమం దగ్గర కూర్చునే వేళ పాలియెస్టర్ నెట్ లంగాలు, గుబురుగా నిలిచే నైలాన్ లంగాలు వేసుకోకూడదు. పట్టు, నూలు మంట తగిలితే కాలుతాయి, నైలాన్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

తంతులో పడే మరకల్లో పసుపు గురించి తెలియకపోవడం వల్లనే ఎక్కువ చీరలు చెడిపోతాయి. పసుపులోని కర్కుమిన్ అనే రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, చాలా సబ్బులు క్షార గుణం కలవి. కాబట్టి తలంబ్రాల పసుపు మీద సబ్బు రాస్తే మరక పోకపోగా ఎర్రగా మారుతుంది. పొడిగా ఉండగానే దులిపేయడం, తడిగా ఉంటే పొడి గుడ్డతో అద్దడం, రుద్దకుండా ఉండడం వరకే ఇంటివారు చేయాలి. హోమం నెయ్యి చుక్క పడితే వెంటనే దాని మీద పౌడరు చల్లి, గంట ఆగి దులిపితే జిడ్డు చాలావరకు అందులోకి ఇంకుతుంది. అప్పగింతల హడావిడిలో చెమటతో తడిసిన చీరను అలాగే మడిచి పెట్టెలో పెట్టడం పెళ్లిళ్లలో తరచుగా జరిగేదే. ఆ బాధ్యతను అత్తవారింటికి తోడుగా వెళ్లే పెద్దావిడకు ముందే అప్పగించి, ఆ రాత్రే చీరను నీడలో, ఫ్యాను గాలికి విప్పి ఆరవేయమని చెప్పాలి. మూడు నాలుగు రోజుల్లో సత్యనారాయణ వ్రతానికి అదే చీర కట్టవలసి ఉంటే అప్పటిదాకా డ్రైక్లీనింగుకు ఇవ్వనక్కరలేదు. ఇచ్చే రోజున మాత్రం ఏది పసుపో, ఏది నెయ్యో, ఏది చెమటో ఒక్కొక్క మరక దగ్గర దారపు ముడి వేసి, వేర్వేరుగా చూపించి చెప్పాలి.